ఒకే కప్పు కింద

"వుచా శుక్రవారం దాకా బతికి ఉండాలి," అన్నాడు సూపరింటెండెంట్ కెమా.

పోలీసు గూఢచారి ఆల్విన్ సారే తలెత్తి చూశాడు. ఎజెకియెల్ వుచాను ఎలా చంపాలన్న చర్చ రెండేళ్లుగా ఈ బల్ల చుట్టూనే జరిగింది. గ్వాడల్‌కెనాల్ దీవి దక్షిణ తీరాన్ని గుప్పిట్లో పెట్టుకున్న మిలీషియా నాయకుడతడు. ఆల్విన్‌కు భార్య తమ్ముడు కూడా. తన బావ చేపల శాఖలో గుమాస్తా అన్న నమ్మకం మాత్రం వుచాకు ఇంకా చెక్కుచెదరలేదు.

"శుక్రవారం తర్వాత, సర్?"

"తర్వాత అతని ఇష్టం. ఆ రోజు ఆయుధాలు అప్పగిస్తానన్నాడు. ఈలోగా చస్తే మనమే చంపామంటారు. వాడి మనుషులు తీరం పొడవునా ఊళ్లు తగలబెడతారు. మీ అమ్మగారి ఊరు కూడా ఆ దారిలోనే ఉంది కదా?"

ఉంది. ఆ సంగతి కెమాకు బాగా తెలుసు.

"చంపాలనుకునేది ఎవరు?"

"రెండు పక్షాలకూ తుపాకులు అమ్మిన విదేశీ ముఠా. యుద్ధం ఆగితే వాళ్ల దుకాణం మూతపడుతుంది. మన మనిషి కోలెట్ మొరెల్ అక్కడే ఉంది, శాంతి సంఘం పేరుతో. వుచాకు ఆమె ఇచ్చిన రేడియోలో మన మైకు ఉంది. దాని జోలికి పోకు."

కెమా ఒక జేబు ట్రాన్స్‌మిటర్ అందించాడు. "అంతా క్షేమమైతే 'కొబ్బరి ఎండింది'. ప్రమాదమైతే 'వాన పడుతోంది'."

ఏడాది పొడవునా వాన పడే తీరానికి ఈ సంకేతం ఎంచినవాడు రాజధాని హోనియారా దాటి ఉండడని ఆల్విన్ నిశ్చయించుకున్నాడు.

వుచా ఉండే తలిసేవా ఊరి ముందు కెరటాలు పడవను ఒడ్డుకు విసిరినంత పని చేశాయి. ట్రాన్స్‌మిటర్ ఉప్పునీరు తాగి చచ్చింది. వెంట వచ్చిన భార్య నెస్టా చేతిలోని పిండివంట బుట్ట మాత్రం తడవలేదు. ఆమె నేరుగా ఆడవాళ్ల వంటపాక వైపు నడిచింది.

ఆకు కప్పిన ఇంట్లో వుచా వక్క నములుతూ కూర్చున్నాడు. మోకాలు ఆగకుండా ఊగుతోంది. మెడలో తాయెత్తు. అది తూటాలను నీళ్లుగా మారుస్తుందని అతని మనుషులు నమ్ముతారు. అతను మాత్రం కిటికీకి ఎదురుగా కూర్చోడు.

"మీ ఆవిడ ఎటువైపు ఉంది, బావా?"

"వంటపాకలో."

"అయితే ఇవాళ అటు పోను." సొంత అక్క పేరు అతని నోట రాదు. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్లు ఒకే కప్పు కింద ఉండకూడదన్నది అక్కడి కట్టడి. ఆమె వస్తే ఇతను లేచి బయటికి పోవాలి. "చేపలేమంటున్నాయి?"

"నువ్వెప్పుడు సముద్రాన్ని వదులుతావా అని అడుగుతున్నాయి."

వుచా నవ్వాడు. పక్కన పీట మీద నల్లటి కొత్త రేడియో ఉంది. మధ్యాహ్నం వార్తల్లో తన పేరు వినడం అతనికి భోజనంతో సమానం. ఆ సమయంలో ఇంట్లోకి ఎవరూ రాకూడదు.

గుమ్మంలో కోలెట్ కనిపించింది. బురదలో కూడా మాయని తెల్లచొక్కా, ఎర్రటి రుమాలు. ఆల్విన్ పక్కనుంచి వెళుతూ మెల్లగా అంది. "కొబ్బరి ఎండింది. వార్తలయ్యేదాకా నేనిక్కడే ఉంటా, మీరు నిశ్చింతగా ఉండండి."

ఆల్విన్ నిశ్చింతగా ఉండలేకపోయాడు. ఊరంతా రెండుసార్లు తిరిగాడు. గాలి తిరగబడింది, సముద్రం తెల్లబడింది. జాలరులు పడవలను చెట్ల దాకా లాక్కొచ్చి కట్టేశారు. వార్తలకు కాస్త ముందు రేవు దగ్గర కేకలు వినిపించాయి. కోలెట్ ఒక పడవ ఇంజను తాడు లాగుతోంది.

"పిచ్చా ఏంటమ్మా నీకు? ఈ గాలిలో కుక్కయినా దిగదు," అంటున్నాడు ముసలి పడవవాడు.

ఆమె వినలేదు. ఇంజను అందుకుంది.

ఆ తీరంలో పుట్టినవాడికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. వార్తలయ్యేదాకా ఇక్కడే ఉంటానన్న మనిషి ఇంత సముద్రంలోకి దిగుతోందంటే ఒడ్డున అంతకంటే పెద్దదేదో ఉంది. ఆమె ఆ ముఠా మనిషి. రేడియోలో ఉన్నది మైకు కాదు.

ఆల్విన్ పరుగెత్తాడు. కాపలావాళ్లు తుపాకులు అడ్డం పెట్టారు.

"వుచా! రేడియో వదిలేసి బయటికి రా. అందులో బాంబుంది."

లోపలినుంచి నింపాదిగా జవాబు వచ్చింది. "ఎవరు చెప్పారు బావా, చేపలా? బయట కొండమీద పోలీసులు గురి పెట్టుకుని ఉన్నారా? వార్తలయ్యాక వస్తాలే."

ఇంకో మాట అంటే కాపలావాళ్లు కాల్చేలా ఉన్నారు. ఆల్విన్ వంటపాక వైపు తిరిగాడు. కేకలు విని నెస్టా అప్పటికే బయటికి వచ్చింది.

"నిజమేనా?"

"నిజమే. నా మాట వినడం లేదు."

"నా మాట వినక్కర్లేదు." ఆమె చేతులు తుడుచుకుని, పిండివంట బుట్ట ఎత్తుకుంది.

ఆల్విన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "వద్దు నెస్టా. టైం లేదు."

"అందుకే వదులు."

వదిలాడు. తన వృత్తి జీవితంలో అంత కష్టమైన పని అతను ఇంకేదీ చేయలేదు.

నాయకుడి అక్కను తాకే ధైర్యం కాపలావాళ్లకు లేదు. తలలు దించుకుని దారిచ్చారు. ఆమె గుమ్మం దాటింది. లోపల పీట బోర్లాపడిన చప్పుడు. రెండేళ్లపాటు ప్రభుత్వ సాయుధ దళాలను ఎదిరించి నిలిచినవాడు వెనక తలుపునుంచి ఒక్క గెంతులో బయటపడ్డాడు. ఆమె అక్కడితో ఆగలేదు. ఇల్లు దాటి, అదే తలుపునుంచి వచ్చి, అతని వెంటే నడిచింది. ఆమె ముందుకు వచ్చినకొద్దీ అతను ముఖం తిప్పుకుని చేమదుంపల మడిలో ఇంకా దూరం జరిగాడు.

"బావా, ఆవిడకు చెప్పు! ఇదేం మర్యాద! దీనికి పరిహారంగా పంది ఇచ్చుకోవాలి!"

రేడియోలో వార్తల గంట మోగింది. పేలుడుకు ఇంటి కప్పు ఆకాశంలోకి లేచి, అప్పుడే మొదలైన వానలో కలిసి, ఆకులు ఆకులుగా దిగింది.

ఆల్విన్ మడిలోకి పరుగెత్తేసరికి నెస్టా బురదలో కూర్చుని బుట్టలో మట్టి ఏరుతోంది. దూరంగా వుచా తాయెత్తు పట్టుకుని నిలబడ్డాడు. "ఇదే కాపాడింది బావా," అన్నాడు. వాదించడానికి ఆల్విన్‌కు ఊపిరి చాల్లేదు.

కోలెట్‌ను కెరటాలే వెనక్కి తెచ్చి అప్పగించాయి. తెల్లచొక్కాకు మొదటిసారి మట్టి అంటింది.

శుక్రవారం మైదానంలో తుపాకులు గుట్టపడుతున్నాయి. వుచా మాటిమాటికీ ఆడవాళ్లున్న వైపు చూస్తూ అంగుళం అంగుళం జరుగుతుంటే కెమా కంగారుపడ్డాడు.

"ఏమిటి సారే, పారిపోయేలా ఉన్నాడు? మన బలగాలను చూసి భయమా?"

"కాదు సర్," అన్నాడు ఆల్విన్. "వాళ్లక్క మిగిలిన పిండివంట పంచుతూ ఇటే వస్తోంది."