ఉక్కు మూస

"సాయంత్రంలోపు ఆ మూస మన చేతికి రావాలి," అన్నాడు చీఫ్, సూర్యాపేట లాడ్జి గదిలో గొంతు తగ్గించి.

అనంతగిరిలో గొర్రెలు పెంచే లింగయ్య బావి తవ్వుతుంటే దొరికింది అది. పూర్వం ఉక్కు కరిగించిన మట్టి పాత్ర. మూతికి మెత్తిన మట్టి అలాగే ఉంది, లోపల ఉక్కు ముద్ద కూడా. దాన్ని ఎత్తుకుపోయి, మొదటి ఉక్కు తమ గడ్డమీదే పుట్టిందని చాటుకోవాలని ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. ఆ మాట చెప్పినవాళ్లకే మూస ఇమ్మని లింగయ్యకు ముందే కబురు వెళ్లింది. పాస్‌వర్డ్ "నల్ల పొట్టేలు ఉందా?" అది తెలిసిన ఏజెంట్లు ఇద్దరే. చిరంజీవి, అతని పార్ట్‌నర్ కావ్య.

మిర్యాలగూడ నుంచి వచ్చిన గొర్రెల బేరగాడి వేషంలో చిరంజీవి ముందు వెళ్లాడు. లింగయ్య భార్య సత్తమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఫీల్డ్ రూల్ ప్రకారం అతను పెన్ను తీసి నీళ్లలో ముంచాడు. విషముంటే ఎర్ర లైటు వెలుగుతుంది. వెలగలేదు. అయినా తాగకుండా చెంబు అరుగు మీద పెట్టి పాస్‌వర్డ్ చెప్పాడు.

నల్ల పొట్టేలు లేదని లింగయ్య తేల్చేశాడు.

కోదాడ చేరేసరికి చీఫ్ ఫోన్. కావ్య డబుల్ ఏజెంట్. మూస చేతికొచ్చిందని ముఠాకు మెసేజ్ పెట్టింది.

చిరంజీవి జీపు వెనక్కి తిప్పాడు. ముందు చెప్పింది నేను కదా, ఆమెకెలా ఇచ్చావని లింగయ్యను నిలదీశాడు.

"మాట ఇద్దరూ ఒక్కటే చెప్పిన్రు. ఆ బిడ్డ కూసొని నీళ్లు తాగింది. నువ్వు మా నీళ్లల్ల పెన్ను ముంచి సూసినవ్. మా ఇంట్ల నీళ్లు తాగనోనికి మా సొత్తు ఎట్లిస్త?"

సత్తమ్మ తలెత్తలేదు. చిరంజీవికి సిగ్గుతో చెవులు మండాయి.

"జర నీళ్లియ్యవా అమ్మా," అన్నాడు.

ఆమె మళ్లీ ఇచ్చింది. అతను చెంబు ఖాళీ చేశాక లింగయ్య నోరు విప్పాడు. ఆ పిల్ల మునగాల దాబా కాడికి వస్తున్ననని ఎవరితోనో ఫోన్లో చెప్పిందట.

దాబా ముందు కారు స్టార్టయి ఉంది. నల్ల కళ్లద్దాలు, పట్టు చీర. కావ్య మూసను కిటికీలోంచి అందిస్తోంది. విదేశీయుడి వేళ్లు దాన్ని తాకేలోపు జీపు అడ్డంగా ఆగింది, పిస్టల్ అతని చెవికి ఆనింది.

సంకెళ్లు వేస్తుంటే కావ్య నవ్వింది. "ఆ నీళ్లంటే నాకూ భయమేసింది, చిరూ. కానీ తాగాను."

ఆమె నటించిన పాటి మర్యాద కూడా చిరంజీవి చూపలేకపోయాడు.

చీఫ్ శభాష్ అని, పెన్ను వాపసు అడిగాడు. సాగర్ కాలువలో పడిపోయిందన్నాడు చిరంజీవి. నిజానికి దారిలో దాన్ని తనే విసిరేశాడు. అబద్ధమాడటం అతని ఉద్యోగమే. ఆడుతూ తలదించుకోవడం మాత్రం అదే మొదటిసారి.