చివరి ప్రూఫు

మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకోవలసి వచ్చిన రోజది. కాటుక కరిగి కారినట్టు ఆకాశం నల్లబడింది. ఎక్కడో ఉరిమింది... ఆ వెంటనే, పట్టపగలే, కిటికీ ఊచ మీద ఒక గుడ్లగూబ వచ్చి వాలింది!

రెండు గదుల ప్రచురణశాల అది. ముందు గదిలో ప్రూఫుల బల్ల, వెనక గదిలో నేల నుంచి అటక దాకా అమ్ముడుపోని పుస్తకాల కట్టలు. అక్క పుస్తకాలు వేస్తుంది, చెల్లెలు ప్రూఫులు చూస్తుంది. ఇతరులు రాసింది అచ్చు వేయడమే తప్ప అక్క జన్మలో ఒక్క వాక్యం రాసి ఎరగదు. అమ్మ పోయాక ఆమెకు మిగిలింది ఈ కట్టలూ, ఈ చెల్లెలూ.

ఎదురుగా రచయిత కూర్చున్నాడు. నక్షత్రాలకు అవతల, మనిషిని చీమ పాటి కూడా లెక్కచేయని మహాసత్త్వాల గురించి ఆయన రాసే నవలలు వేసేది వీళ్ళొక్కరే. కాగితాలు ఎగరకుండా ఆయన బరువుగా పెట్టినది ఒక కపాలం!

"నిజం పుర్రేనా అక్కా?" గుసగుసగా అడిగింది చెల్లెలు.

"ప్లాస్టిక్‌దిలే. మనమిచ్చే రాయల్టీకి నిజంది ఎక్కణ్ణించి తెస్తాడూ?"

చెల్లెలు కిసుక్కున నవ్వింది. అదే ఆమె ఆఖరి నవ్వు.

"ఆఖరి పేజీ నా ఎదుటే పైకి చదవాలి" అంటూనే రచయిత గుప్పెడు భస్మం ఆమె ముఖాన చల్లాడు. చెల్లెలి కనుపాపలు పైకి తేలిపోయాయి. మెడ వెనక్కి వాలింది... గొంతులోంచి వచ్చిన గుర్రు మనిషిది కాదు!

"చెల్లీ!" అక్క లేవబోయింది. కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి.

"కంగారెందుకు మేడమ్! ఈ పేజీలో పైనున్నది ఆవాహన, కిందున్నది బంధనం. పిలిచిన నోరు ఆ వచ్చే సత్త్వానికి ఆహారం. అందుకే నా నోరు వాడను. ఆ తరువాత అది నాకు బానిస! ఊఁ... చదువు!"

చెల్లెలు చదివింది. ఒంట్లో మనసు లేదు గానీ అలవాటు ఉంది. ఆ ప్రచురణశాలలో చివరి ప్రూఫు ఎప్పుడూ కింది పంక్తి నుంచి పైకే చదువుతారు. కథ వెంట పరుగెత్తే కంటికి తప్పులు కనబడవని అక్కే నేర్పింది.

బంధనం ముందు పలికింది. కట్టడానికి ఏమీ లేక గాలిలో కలిసిపోయింది...

"కిందనుంచి కాదే! పైనుంచి! పైనుంచి చదువు!" కేకపెట్టాడు రచయిత.

పూనకంలో ఉన్న ఒంటికి చెవులు లేవు. ఆవాహన పంక్తి పంక్తిగా పైకి పాకింది.

పిడుగు! పైకప్పు ఉండవలసిన చోట పైకప్పు లేదు. ఆకాశమూ లేదు. ఏదో ఉంది... దానికి అంచు లేదు, ముఖం లేదు, తొందర అసలే లేదు.

"నేను నీ ప్రభువుని!" చేతులెత్తి అరిచాడు రచయిత.

అది ఆయన వైపు చూడనైనా చూడలేదు. ఊరికే కొంచెం దిగింది, అంతే! అచ్చయిన పెద్ద కాగితాన్ని పుస్తకం పేజీలుగా మడిచినట్టు ఆయన దేహం నడిమికి మడతపడింది... మళ్ళీ సగానికి... మళ్ళీ సగానికి... గోరంత అయ్యేవరకూ కేక వినబడుతూనే ఉంది.

చెల్లెలికి స్పృహ వచ్చింది. పిలిచిన నోరు ఆమెదే. పైనున్నది మూరెడు దిగింది, సరిగ్గా ఆమె నెత్తి మీదికి!

కాళ్ళు విడిపడ్డ అక్క ఆ కాగితం లాక్కుని బంధనం చదివింది. ఒకసారి వృథా అయిన మంత్రం ఉత్త మాటలే. అయినా చదువుతున్నంతసేపూ అది ఆగింది... వింటోంది! రెండోసారి చదివితే మాత్రం మళ్ళీ దిగింది. విన్నది దానికి అక్కర్లేదు.

అక్క వెనక గదిలోంచి ఒక కట్ట లాగింది.

వంతులవారీగా చదివారు. ఎవరూ కొనని నవలలు, ఎవరూ అడగని కవితలు, చివరికి వెనక అట్టల మీది పొగడ్తలు కూడా. చీకటి విడలేదు. గుడ్లగూబ కదలలేదు. గొంతులు జీరపోయాయి.

"అక్కా... ఇంకా ఎన్ని కట్టలున్నాయే?"

చెల్లెలు కూర్చున్న చోటికి వెనక గది కనబడదు. అక్క చేతిలో ఉన్నది ఆఖరి పుస్తకం, ఆఖరి పేజీ. చదువు ఆపి జవాబు చెబితే అది దిగుతుంది. అందుకని తల ఎత్తకుండా, అదే గొంతుతో, పేజీలో లేని వాక్యాన్ని చదివింది.

"'చాలా ఉన్నాయి తల్లీ, కాసేపు పడుకో' అంది అక్క."

పైనున్నది ఆగింది. తరువాతి వాక్యం కోసం చూస్తోంది. ఆ వాక్యమేమిటో అక్కకి తెలియదు.