మెడలో టేపు

పొద్దున్నే దర్జీ కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తీశాడు. దేవుడి పటం ముందు చేతులైతే జోడించాడు గానీ ఏమడగాలో తోచలేదు. రాత్రి ఆట చూసి వచ్చిన దగ్గర్నుంచీ తమ్ముడు నోరు విప్పలేదు.

తమ్ముడికి ఒక పెద్ద క్లబ్బులో ఉద్యోగం. కాలేజీల్లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల్ని చూసి, వీళ్లు ఆటే బతుకుతెరువుగా నిలదొక్కుకోగలరా లేదా అని తేల్చడం అతని పని. ఈసారి చూసింది సొంత అన్న కూతుర్ని. అటక మీది సామాను కుర్చీ వేసుకోకుండా దింపుతుందని ఆ పిల్లని ఇంట్లో నిచ్చెన అంటారు. కాలేజీ జట్టులో ముందు వరసలో ఆడే ఫార్వర్డ్. బంతి ఎప్పుడు బుట్టలో వెయ్యాలో, ఎప్పుడు పక్కవాళ్లకి అందించాలో దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని కోచ్ మెచ్చుకుంటాడు.

దర్జీ భార్య మరిదికి టీ ఇచ్చింది. "బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావేంటి? ఊళ్లోవాళ్ల పిల్లలకైతే మొహం మీదే చెప్తావుగా."

అతను అన్న మెడలోని కొలతల టేపుకేసి చూశాడు. "అన్నయ్యా, ఆటకి కూడా ఆ టేపు మెడలో వేసుకునే వస్తావా?"

"దుకాణం నుంచి నేరుగా వస్తాను కదరా."

"నువ్వు కుడి కొస లాగితే అది వేస్తుంది. ఎడమ కొస లాగితే పక్కవాళ్లకి ఇస్తుంది."

చిన్నప్పుడు ఆట చూసే జనం గోలకి పిల్ల బెదిరిపోతుంటే ధైర్యానికని నేర్పిన ఆట అది. పిల్ల పెరిగింది గానీ ఇద్దరూ మానలేదు. భార్యకైనా చెప్పలేదు.

రాత్రి సగం ఆట అయ్యాక, కారులో కళ్లజోడు మర్చిపోయాను తెచ్చిపెట్టమని తమ్ముడు అన్నని బయటికి పంపాడు. కళ్లజోడు అతని జేబులోనే ఉంది. ఆ కాసేపట్లో బంతి అందినప్పుడల్లా నిచ్చెన ఖాళీ కుర్చీ వైపు చూసింది. చూసేలోపు అవతలివాళ్లు బంతి లాగేసుకున్నారు.

"ఎత్తుంది, ఒడుపుంది. కానీ బుర్ర నీది అన్నయ్యా. ఈ ఏడాదికి వద్దని క్లబ్బుకి చెప్పేశాను."

రక్తసంబంధం కూడా చూడలేదా, ముందు ఒక్క మాట చెబితే పిల్ల జాగ్రత్తపడేది కదా అని భార్య నిలదీసింది. చెప్పి పెడితే అది పరీక్షెలా అవుతుంది వదినా అన్నాడతను, తల దించుకుని.

తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి నిచ్చెన అంతా విన్నది. తనవైపు మాట్లాడుతుందనుకున్నాడు దర్జీ.

"సాయంత్రం ఆటకి నువ్వు రావద్దు నాన్నా" అంది.

అతనికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. సరేనమ్మా అని మిషను తొక్కడం మొదలుపెట్టాడు. సాయంత్రం ముగ్గురూ వెళ్లిపోయారు. టేపు మేకుకి తగిలించాడు. అయినా చెయ్యి మాటిమాటికీ మెడ దగ్గరికి పోయి ఉత్తినే తిరిగొస్తోంది. పిల్లని నీ చేతుల్లో పెడుతున్నాను స్వామీ అని రోజూ అనేవాడు. ఏనాడైనా నిజంగా పెట్టాడా?

చీకటి పడుతుండగా వచ్చారు. భార్య మొహం చూస్తేనే తెలిసింది.

"ఓడిపోయాం నాన్నా. చివరి బంతి నాకే వచ్చింది. వేశాను. తప్పింది."

"ఎవరు వెయ్యమన్నారు?" పాత అలవాటు కొద్దీ నోరుజారింది.

"ఎవరూ అనలేదు. పక్కన మనిషి ఖాళీగానే ఉంది. అయినా నాకే వెయ్యాలనిపించింది."

వెనకాల తమ్ముడు చెప్పులు విప్పుతూ, "వచ్చే ఏడు మళ్లీ వస్తాను. కళ్లజోడు పెట్టుకునే వస్తాలే" అన్నాడు.

నిచ్చెన మిషను మీది చొక్కా ఎత్తి చూసింది. కుడి చెయ్యి ఎడమవైపు, ఎడమ చెయ్యి కుడివైపు అతికించి ఉన్నాయి.

"ఇదేంటి నాన్నా, ఎవరు కుట్టమన్నారిలా?"

ముందు భార్య నవ్వింది. దర్జీ కూడా నవ్వబోయాడు. పొద్దుటి నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కూతురు ఆ చొక్కా చేత్తోనే అతని మొహం తుడిచి, విప్పి మళ్లీ కుట్టడానికి కత్తెర వెతికి ఇచ్చింది.