కొసరి వడ్డించిన గుర్రం

కుజనగరంలో మధ్యాహ్న భోజనాలయ్యాక బల్లలు తుడిచి చదరంగం పరచడం రివాజు. భూమి వదిలి వచ్చి మూడు తరాలైనా ఆ సరదా తగ్గలేదు. కానీ ఆ ఏడు ఆటలో ఉప్పూ కారం లేకుండా పోయాయి. కారణం డాక్టర్ కోదండపాణి కనిపెట్టిన చెవిమంత్రి.

శనగగింజంత యంత్రం అది. చెవిలో పెట్టుకుంటే చాలు, మన కంటి నరం గుండా బల్లను చూసి, కోట్ల వరసలు లెక్కగట్టి, ఏ ఎత్తు వేయాలో గుసగుసలాడుతుంది. ఇంకేముంది, అందరూ ఒకేలా ఆడి, అందరూ డ్రా చేసుకుని, ఆవులిస్తూ పనుల్లోకి పోయేవారు.

ఒక్క తాయారు తప్ప. ఆవిడ రాళ్ల పరిశోధనశాలకి పెద్ద. నల్లపావులు చేతికొస్తే మొదటి ఎత్తులోనే ఒక బంటును ఎదుటివాడి నోటికందించేది. దాన్నే గాంబిట్ అంటారు. వాడు ఆ ఎర తినేలోపు మన దండు ముందుకు దూకాలి. ఆవిడ గాంబిట్లు ఏ పుస్తకమూ మెచ్చనివి. "ఇది అశాస్త్రీయం" అని కోదండపాణి చదరంగం సంఘంలో గొడవపెట్టాడు. చెవిమంత్రితో అతను, ఉత్త చెవులతో ఆవిడ ఆడాలనీ, ఓడితే ఆవిడ నగరం చదరంగం జట్టు వదలాలనీ తీర్మానించారు. తాయారుకి ఆ జట్టే ప్రాణం.

ఆటకి ఆవిడ సున్నుండల డబ్బాతో వచ్చింది. కోదండపాణి రెండు తిన్నాడు. మూడోది ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దండీ తాయారుగారూ, మొహమాటం కాదు, నిజంగా చాలు." కళ్లు మాత్రం డబ్బా మీదే ఉన్నాయి.

ఆట మొదలైంది. తాయారు ఒక బంటు ఇచ్చింది, తిన్నాడు. ఇంకోటి ఇచ్చింది, అదీ తిన్నాడు. ఉత్సాహంలో ఆవిడ గుర్రాన్ని దూకించి చెయ్యి తీసేసింది. తీశాక చూసుకుంది. గుర్రానికి అండ లేదు! ఎర కాదు, పచ్చి పొరపాటు. జట్టు గోవిందా అనుకుంది. ఏం చెయ్యాలో తోచక నవ్వింది.

"తీసుకో నాయనా, మొహమాటపడకు."

కోదండపాణి చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఆవిడ నవ్వు చూశాడు, గుర్రాన్ని చూశాడు, చెవి రుద్దుకున్నాడు. చివరికి గుర్రాన్ని ముట్టకుండా రాజును మూలకి చేర్చుకున్నాడు. నాలుగు ఎత్తుల్లో ఆ గుర్రమే ఆట కట్టించింది.

"చెవిమంత్రి తినమని మొత్తుకుందండీ! ఇంత కొసరి పెడుతున్నారంటే ఏదో ఉందనుకున్నాను."

"ఏమీ లేదయ్యా, పరధ్యానం."

కోదండపాణి పడీపడీ నవ్వాడు. "లోపం తెలిసింది. దానికి లెక్కలొచ్చు గానీ మనుషుల సంగతి తెలీదు. నేర్పిస్తాను."

ఆర్నెల్లపాటు భోజనశాలలో కూర్చోబెట్టి దానికి జనం మాటలూ, ముఖాలూ నేర్పాడు. కొత్త చెవిమంత్రితో మళ్లీ వచ్చి కూర్చున్నాడు. తాయారు ఎప్పటిలాగే బంటు ముందుకు తోసింది. అతని ముఖం పాలిపోయింది.

"ఏమంటోందయ్యా?"

"'వద్దండీ, ఇప్పుడే తినొచ్చాం' అంటోంది."

తాయారు పకపకా నవ్వి, అతని చెవి దగ్గరకి వంగి ఇంకో బంటు అందించింది. "భలేదానివే, నేను ఊరుకుంటానా? ఇది తినాల్సిందే."

కోదండపాణి చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత తల పట్టుకున్నాడు.

"'అంతగా అంటున్నారు కాబట్టి ఒక్కటి' అంటోందండీ."

ఆ ఒక్కటే తినకూడని బంటు.