వెలగని గడి

మూడో తరగతి గదిలో లెక్కల పాఠం నడుస్తోంది. నేల మీద అంకెల గడులు వెలుగుతూ ఆరుతూ ఉంటే పిల్లలు ఏడో ఎక్కం గెంతుతున్నారు. పుస్తకాలు పోయి పన్నెండేళ్లయింది. ఇప్పుడు ప్రతి పాఠమూ ఆటే. పిల్లలందరి మణికట్టుకూ ఒక మాపకపూస ఉంటుంది. సరైన గడి మీద పడితే, ఆ పూసను గుర్తుపట్టి నేల గడిని వెలిగిస్తుంది. ఎవరు ఎంత నేర్చారో పూస చూసి, జట్టు మొత్తానికి ఒక అంకె కడుతుంది. అంకె బాగుంటే మర్నాడు కొత్త ఆట తెరుచుకుంటుంది. లేకపోతే పాతదే మళ్లీ.

వెన్నెల గోడవారన నిలబడి ఉంది. ఎనిమిదేళ్ల ఆ పిల్లకు అంకెలు ఆలస్యంగా అందుతాయి. నాలుగు జట్లూ వద్దన్నాయి. బడి విడిచేలోగా ఏదో ఒక జట్టులో చేరకపోతే, ఆటలు నడిపే క్రీడాబోధిని యంత్రం ఆమెను ఒంటరిగదికి మార్చేస్తుంది. అక్కడ తెర ఒక్కటే తోడు. ఆ గదికి వెళ్లిన పిల్లలెవరూ ఇంతవరకూ తిరిగి జట్టులోకి రాలేదు.

“జోషితా, దీన్ని మీ జట్టులో వేసుకోవే,” అంది నాగరత్నం టీచరు.

“అమ్మో! దీన్ని వేసుకుంటే రేపు మళ్లీ కోడిపిల్లల కూడికలే టీచర్. ఇప్పటికే మూడుసార్లు ఆడాం.”

“ఆ కోడిపిల్లలకి ఈపాటికి మనవలు కూడా పుట్టుంటారు,” అన్నాడు అదే జట్టులోని ఏసుపాదం. అందరూ నవ్వారు. వెన్నెల కూడా నవ్వింది.

“పోనీ, అరటిపండుగా వేసుకోండి.”

“అంటే?”

నాగరత్నం చెప్పింది. తన చిన్నప్పుడు వీధిలో ఆడుతుంటే చెల్లెలు ఏడుస్తూ వెంటపడేది. అరటిపండు అని చేర్చుకునేవాళ్లు. దొరికినా ఔటు కాదు, గెలిచినా లెక్కలేదు. ఊరికే అందరితోపాటు పరిగెత్తేది.

“మరి పూస లెక్కేస్తుందిగా?” అంది జోషిత.

నాగరత్నం వెన్నెలను దగ్గరికి పిలిచింది. వెన్నెల పేరు జోషిత జట్టులో ఎక్కించి, ఆ పిల్ల చేతికున్న పూస విప్పేసింది. పేరు జట్టులో ఉంటుంది, అంకె తగ్గదు. పైవాళ్లకు తెలిస్తే సంజాయిషీ అడుగుతారు. అడగనీ.

“సరే, రావే అరటిపండూ!” జోషిత చెయ్యి పట్టుకుని లాగింది.

వెన్నెల గెంతింది. పద్నాలుగుకు బదులు పదహారు మీద పడింది. ఎవరూ కసరలేదు. మళ్లీ గెంతింది. ఈసారి సరిగ్గా ఇరవై ఒకటి.

గడి వెలగలేదు.

వంగి చూసింది. మడమతో గట్టిగా తొక్కింది.

“భలే పడ్డావే!” అంది జోషిత. వెన్నెల వినిపించుకోలేదు.

“టీచర్, నేను ఆడట్లేదు.”

“ఆడుతున్నావమ్మా. ఇరవై ఒకటి మీద ఎంత బాగా పడ్డావు! నేను చూశాగా.”

“మీరు చూస్తే ఏమొస్తుంది? నేల చూడలేదు. అక్కడ తెరైనా చూస్తుంది.”

వెన్నెల పూస అడిగి తీసుకుని, తనే తొడుక్కుని, ఒంటరిగది వైపు నడిచింది. నాగరత్నం గడపదాకా వెంట వెళ్లింది.

“ఉండవే. నేనాడతా నీతో.”

“మీకు పూస లేదుగా టీచర్,” అని వెన్నెల తలుపు మెల్లిగా దగ్గరికి వేసుకుంది.