గాలికి ఎదురు పోయిన కుండ

మూడేండ్ల కరువు తర్వాత ఆ ఏడు శింగనమల పక్కనున్న చిన్న చెరువు నిండి మరువ మీదుగా పొర్లి పారింది. నీళ్ళు నిలిచిన వారానికే పిట్టలు దిగాయి. ఎక్కడెక్కడివో, ఊళ్ళో ముసలివాళ్ళు కూడా ఎన్నడూ చూడనివి. వెనకాలే సర్కారువాళ్ళూ దిగారు. ఇక ఈ చెరువు పిట్టలదే, వేట కూడదు అని కట్ట మీద బోర్డు పాతిపోయారు. దాంతో తిప్పయ్య చేతిలో పని పోయింది. వాళ్ళది తాతల కాలం నుంచి బాతులు పట్టే ఇల్లు.

వాళ్ళు పట్టే తీరు వేరు. ముందుగా ఖాళీ కుండలు చెరువులో వదిలేస్తారు. అవి గాలి ఎటు తోస్తే అటు తేలుతూ తిరుగుతుంటాయి. మొదట బెదిరిన బాతులు నాలుగు రోజులకు వాటి మీదే ఎక్కి కూచుంటాయి. అప్పుడు మనిషి, కళ్ళకు రెండు కంతలు పెట్టిన కుండ తల మీద బోర్లించుకుని, మెడలోతు నీళ్ళలో మెల్లగా నడుస్తూ వాటి నడుమకు పోతాడు. కింది నుంచి కాళ్ళు పట్టి లాగుతాడు. పక్కన ఈదే బాతుకు కూడా తెలియదు.

ఆ సాయంత్రం తిప్పయ్య కుండ బయటికి తీసింది కూరకు కాదు. అనంతపురం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే హనుమంతమ్మ పిట్టలను చూడటానికి వచ్చి, తల మీద నల్లచారలున్న ఒక పెద్దబాతు కాలికి రింగు ఉండటం దుర్బిణిలో పట్టుకుంది. దాన్ని ఏ దేశంలో తొడిగారో తెలుసుకోవడానికి నంబరు చదివి, బాతును వదిలేయాలని ఆమె పట్టు. బాతును ప్రాణంతో చేతికిస్తే చెరువు కావలి ఉద్యోగం తిప్పయ్యకే ఇస్తామని పైవాళ్ళ చేత మాట ఇప్పించింది కూడా.

తిప్పయ్య పెళ్ళాం నల్లమ్మకు మాత్రం కట్ట మీద కాలు నిలవలేదు. కూచునేది, లేచేది. తిప్పయ్య అన్న కుళ్ళాయప్ప, చెరువు నిండిన మొదటి నెలలోనే, ఇదే పనికి దిగి చచ్చిపోయాడు. కరువులో తాగేనీళ్ళ కోసం చెరువు నడుమ అన్నదమ్ములిద్దరే తవ్విన బావి నీటి కిందికి పోయింది. కుండ కంతల్లోంచి నేల కనబడదు కదా. కాలు జారి అందులో పడ్డాడు. మనిషి మూడోనాడు తేలాడు. కుండ తేలలేదు.

"ఆ బాయి యాడుండాదో నీకు గుర్తుండాదా?" అంది నల్లమ్మ.

"తవ్వినోణ్ణి నన్నే అడుగుతాండావా. మా యన్నకు సొంత ఇంటి దోవే గుర్తుండేది కాదు, ఇంక బాయి ఏం గుర్తుంటాది."

"పోయినోని మీద పరాచికాలేల?"

"వానికి నా మీద కోపం రాదులే. బతికినన్నాళ్ళూ నా యెనకాలే తిరిగినాడు." తిప్పయ్య పంచె ఎగ్గట్టి హనుమంతమ్మ వైపు తిరిగాడు. "ఒక మాటమ్మా. నేను నీళ్ళలో ఉన్నంతసేపు ఎవరూ అరవగూడదు. పిట్టలు లేచినాయంటే ఇంక దొరకవు."

కుండ బోర్లించుకుని జమ్ము లోపలికి పోయాడు.

ఎండ కొండ వెనక్కి దిగింది. బురదవాసన, పిట్టల రెట్టల వాసన కలిసి గాలిలో ముక్కుకు కొడుతున్నాయి. నాలుగు రోజుల ముందే వదిలిన ఖాళీ కుండలన్నీ పడమటి గాలికి కట్ట వైపే కొట్టుకొస్తున్నాయి. ఒక్కటి మాత్రం ఎదురు పోతోంది. నల్లమ్మ దాని మీద నుంచి చూపు తిప్పలేదు. గాలికి ఎదురు పోయేది మనిషే.

"బాగా పోతున్నాడు," అంది హనుమంతమ్మ దుర్బిణి దించకుండా.

ఒక బాతు మునిగింది. చప్పుడు లేదు.

"దొరికింది."

కాసేపటికి ఇంకొకటి మునిగింది. తర్వాత ఇంకొకటి.

"ఇదేమిటి, నాకు కావలసింది ఒక్కటే కదా," అని హనుమంతమ్మ గొణిగింది. ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "నల్లమ్మా... దిగింది మీ ఆయన ఒక్కడే కదా?"

"ఒక్కడేనమ్మా. ఏం?"

ఆమె దుర్బిణి నల్లమ్మ చేతిలో పెట్టింది.

చెరువు ఒక్కసారిగా మొహం మీదికి వచ్చినట్టయింది. ముందు ఒక కుండ గాలికి ఎదురు పోతోంది. దాని వెనకాల ఇంకొకటి. అదీ ఎదురే. ముందుది ఆగితే వెనకది ఆగుతోంది. ముందుది కదిలితే అదీ కదులుతోంది. నాచు పట్టి పచ్చగా ఉంది. రెండు కంతలు... కంతల్లో కళ్ళు లేవు. లోపలి నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఆగకుండా.

నీళ్ళతో నిండిన కుండ తేలదు.

"అమ్మా, వాళ్ళు బాయి కాడికి పోతాండారు."

"కేక వెయ్యి. ఉద్యోగం పోతే పోనీ. పేరు పెట్టి పిలువు."

నల్లమ్మ నోరు తెరిచింది. పెండ్లయినప్పటి నుంచి మొగుని పేరు ఆ నోట పలకలేదు. ఇప్పుడూ పలకలేదు. నాలుక తిరగలేదు.

రెండు కుండలూ ఒకదానికొకటి తగిలాయి. 'టక్' మని అంత దూరం నుంచి వినబడింది.

"యో... ఎవురుండారాడ... గట్టుకు రాయ్యా..."

నల్లమ్మ పిలుపు నీళ్ళ మీద పోయింది. చెరువంతా లేచింది. రెక్కల మోతకు చెవులు దిమ్మెక్కాయి, ఆకాశం కనబడలేదు. పిట్టలు చెదిరి పోయేసరికి నీళ్ళ మీద ఎదురు నడిచే కుండ ఏదీ లేదు. ఒక్కటి మాత్రం కట్ట వైపు వస్తోంది. గాలి కన్నా వేగంగా.

నడుము లోతుకు వచ్చి నిలబడింది. రెండు చేతులు పైకి లేచి కుండ తీశాయి.

తిప్పయ్యే.

నల్లమ్మ కట్ట మీద కూలబడింది. ఏడవబోయి నవ్వింది. తిప్పయ్య మొలతాటికి కాళ్ళు కట్టి ఉన్న పెద్దబాతు రెక్కలు కొట్టుకుంటోంది. హనుమంతమ్మ రింగు మీది నంబరు గట్టిగా చదువుకుని, రాసుకుని, బాతును గాలిలోకి వదిలింది.

"ఉద్యోగం నీదే తిప్పయ్యా. నీ వెనక వచ్చిందేమిటయ్యా?"

నల్లమ్మ కొంగుతో అతని తల తుడిచింది. కుండలో ఉన్న తల తడవకూడదు. తుడిచేకొద్దీ జుట్టులోంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. చల్లగా, బంకమట్టి వాసనతో.

"మాట్లాడప్పా. బాయిలో పడినావా?"

"పోదాం పా," అన్నాడు. గొంతు అతనిదే.

ఊరికి దోవ చెరువు అంచున నీళ్ళ తడిలోనే. లేచిన పిట్టలు మళ్ళీ అక్కడే దిగుతున్నాయి. కొంగలు, ఉల్లంకులు, బాతులు, కాలు పెట్టే సందు లేకుండా. తిప్పయ్య ముందు నడిచాడు. వాటి నడుమ నుంచే నడిచాడు. ఒక్క పిట్ట తల ఎత్తలేదు. అతని దోవలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ అట్లాగే నిలబడి ఉంది. అతని పంచె దాని రెక్కకు రాసుకుంది. అది కన్ను కూడా తిప్పలేదు.

"ఎంత నెమ్మదిగా నడుస్తాడు," అంది హనుమంతమ్మ.

నల్లమ్మ ఒక్క అడుగు వేసింది.

ఆ ఒక్క అడుగుకే పిట్టలన్నీ దడదడమని లేచాయి. ఆ రెక్కల గాలికి ఆమె కొంగు ఎగిరింది. అవి లేచిన చోట, నడుమన, తిప్పయ్య నిలబడి ఉన్నాడు. తల ఎత్తి చూడలేదు. ఇంటి దోవ గుర్తులేనివాడిలా చెయ్యి చాచి, ఆమె కోసం ఆగి ఉన్నాడు.