కౌన్సిలర్ మేడమ్ ఓరచూపు

“వయసెంతమ్మా?”

“యాభై నాలుగండీ,” అన్నాడు కొడుకు.

“ఏం పని చేస్తారు?”

“టైలరింగండీ. మా వీధిలో అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు.” మళ్ళీ కొడుకే.

“చూపు ఎప్పట్నించి మసకేసిందమ్మా?”

“నాలుగు నెలలైందండీ. ఎదురుగా చూస్తేనేమో...”

టేబుల్ అవతలి అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది.

“ఒక్క నిమిషం సార్. పాడైంది మీ అమ్మగారి కళ్ళేగా?”

“అవునండీ.”

“నోరు బాగానే ఉందిగా?”

కొడుకు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. పక్క కుర్చీలో టైలరమ్మ ఫక్కున నవ్వింది. నాలుగు నెలల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో కొడుకు తనకి జరిగిన అవమానం సగం మర్చిపోయాడు. మిగతా సగం మరుక్షణంలోనే మర్చిపోయాడు. ఎందుకంటే ఆ అమ్మాయి మొహం కాస్త కిటికీ వైపు తిప్పి, కళ్ళ చివర్ల నుంచి అతణ్ణి చూసింది. గబుక్కున చూసి వదిలేయలేదు. తీరిగ్గా, జుట్టు దగ్గర్నించి గడ్డం దాకా చూసింది.

ఓరచూపు!

మన కుర్రాడికి ఇరవై ఏడేళ్ళు. ఫోన్లు రిపేరు చేసే షాపు ఉంది. అందరూ సెల్ డాక్టరంటారు. షాపుకి అమ్మాయిలు రాక కాదు, రోజూ వస్తారు. పగిలిన స్క్రీన్ చూపిస్తారు, బాగుపడ్డ స్క్రీన్ చూసుకుంటారు, వెళ్ళిపోతారు. కౌంటర్ వెనక ఒక మనిషి ఉన్నాడని ఇంతవరకూ ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. అలాంటివాడికి మొదటిసారి ఒక ఓరచూపు తగిలితే ఏమవుతుంది? అదే అయింది.

ఆ చూపు సంగతి అలా ఉంచి, వాళ్ళక్కడికి ఎందుకొచ్చారో చెప్పాలి. టైలరమ్మ కళ్ళల్లో నడిమధ్య చూపు పోయింది. పక్కలు కనిపిస్తాయి, మధ్యలో మాత్రం బూడిదరంగు మచ్చ. ఎదురుగా మనిషి నిలబడితే భుజాలుంటాయి, చేతులుంటాయి, మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. సూదిలో దారం సరే, సూదే కనిపించదు. వీధిలో ఎదురైనవాళ్ళని పలకరించలేక తలొంచుకుని పోతుంటే “టైలరమ్మకి కళ్ళు నెత్తికెక్కాయి” అన్నారు. “నెత్తికెక్కినా బావుండేది కదరా, అక్కణ్ణించైనా కనిపించేది!” అంది ఆవిడ కొడుకుతో. అని, కుట్టుమెషీన్ మీద దుప్పటి కప్పేసింది. ఆ తర్వాత గుమ్మం దాటలేదు.

కళ్ళ డాక్టరు కళ్ళజోడు పనిచేయదన్నాడు, ఆపరేషన్ పనిచేయదన్నాడు, అలవాటు పడాలన్నాడు. ఎలా అలవాటు పడాలో మాత్రం చీటీ మీద రాయలేదు.

ఒకరోజు షాపుకి ఒక ఫోన్ వచ్చింది. వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది గట్టిగా చదివేస్తోంది. అదే జబ్బనుకుని కుర్రాడు దాని నోరు మూయించాడు. సాయంత్రం ఫోన్ కోసం వచ్చిన పెద్దాయన తెల్లబోయాడు. “నేను ఛార్జింగ్ సంగతి చూడమంటే నువ్వు నా కళ్ళు పీకేశావేంటయ్యా!” అన్నాడు. ఆయనకి చూపు లేదు. ఆ ఫోనే చదివి పెడుతుంది. అదేదో ఆయన ప్రత్యేకంగా వేయించుకున్న ఏర్పాటనుకుని కుర్రాడు పది సారీలు చెప్పి, టీ తెప్పించి, తల్లి సంగతి చెప్పుకున్నాడు. చూపు తగ్గినవాళ్ళకి సాయం చేసే ఆ కేంద్రం అడ్రసు ఆయనే ఇచ్చాడు.

ఇక అక్కణ్ణించి ప్రతి బుధవారం తల్లీకొడుకులు కేంద్రంలోనే. మొదటివారం లైటున్న భూతద్దం ఇచ్చారు. రెండోవారం కౌన్సిలర్ మేడమ్, అంటే ఆ ఓరచూపు అమ్మాయే, కుట్టుమెషీన్ మీటల మీద అతికించుకోవడానికి చిన్న చిన్న రబ్బరు చుక్కలిచ్చింది, వేలితో తడిమితే ఏది ఎక్కడుందో తెలిసేలా. తెల్లదారంతో కుట్టేటప్పుడు కింద నల్లగుడ్డ పరుచుకోమంది. మూడోవారం టైలరమ్మ ఫోన్ చేతే మాట్లాడించింది.

“ఈ సెట్టింగు ప్రతి ఫోన్లోనూ ఉంటుందా అమ్మాయీ?” అడిగింది టైలరమ్మ.

“ప్రతి ఫోన్లోనూ ఉంటుంది ఆంటీ. కొన్నప్పట్నించీ ఉంటుంది.”

టైలరమ్మ కొడుకున్న దిక్కుకి తిరిగింది. “ఒరే, నువ్వు సెల్ డాక్టరువా, కాంపౌండరువా?”

కౌన్సిలర్ మేడమ్ నవ్వాపుకుంటూ మొహం కిటికీ వైపు తిప్పింది. తిప్పి, మళ్ళీ అదే ఓరచూపు. కాంపౌండరన్నా కుర్రాడికి కోపం రాలేదు. ఆ క్షణంలో గాడిదన్నా వచ్చేది కాదు.

నాలుగోవారానికి కొత్త చొక్కా కొన్నాడు, సెంటు కొట్టాడు. “సెంటు మార్చారా?” అంది గానీ చొక్కా ఊసెత్తలేదు. ఒకసారి కారిడార్లో ఎదురొస్తే ఇంత మొహం చేసుకుని నవ్వాడు. ఆ అమ్మాయి పలక్కుండా వెళ్ళిపోయింది. సిగ్గనుకున్నాడు. కాగితాలు ముక్కుకి ఆనించుకుని చదువుతుంటే, చదువుకున్నవాళ్ళు అంతేననుకున్నాడు. మనిషి ఒకటి నమ్మాలనుకున్నాక ఇక సాక్ష్యాలతో పనేముంది?

ఐదో బుధవారానికి ఉత్తరం రాశాడు. నాలుగు సార్లు చించి ఐదోసారి బాగా వచ్చిందనుకున్నాడు. రిపేరుకొచ్చిన ఫోన్లకి కట్టే చిన్న చీటీల మీద రాసీ రాసీ అతని అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి. ఆ అక్షరాలతోనే ఒక పేజీ నింపి, అమ్మ బస్సు పాసు ఫారం మధ్యలో పెట్టి, ఫైలు మేడమ్ చేతికిచ్చి, గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు.

ఆ అమ్మాయి ఫైలు తెరవలేదు. పక్కన పెట్టి, “ఆంటీ, ఇవాళ ముఖ్యమైన పాఠం,” అంది. “మీ అబ్బాయిని చూడండి.”

“ఏం చూస్తానమ్మా? మచ్చని చూస్తాను.”

“అయితే ఆయన్ని చూడకండి. ఆయన కుడిచెవి పక్కన గోడగడియారం ఉంది. దాని మీద చూపు పెట్టండి. మొహం ఇంకొంచెం తిప్పండి. ఇంకొంచెం. ఆ, అక్కడ ఆగండి. కళ్ళు కదపొద్దు. ఇప్పుడు కంటి చివర ఏముందో చెప్పండి.”

టైలరమ్మ చూపు గడియారం మీదే నిలిపి ఉంచింది.

“వచ్చాడమ్మా,” అంది చివరికి. “మావాడి మొహం వచ్చింది. ముక్కు వచ్చింది, కళ్ళు వచ్చాయి... ఒరే నాన్నా, ఇంతలా చిక్కిపోయావేంట్రా? ఆ గడ్డమేంటి?”

“స్టైలమ్మా,” అన్నాడు కొడుకు. అనగానే ఏడ్చేశాడు. ఐదు నెలలుగా అమ్మ అతని భుజంతో మాట్లాడుతోంది, చొక్కా గుండీలతో మాట్లాడుతోంది. ఇప్పుడు తనతో మాట్లాడింది.

“ఈ కిటుకు ఎవరు చెప్పారమ్మా నీకు?” కళ్ళు తుడుచుకుంటూ అడిగింది టైలరమ్మ.

“ఎవరో చెప్పేదేముంది ఆంటీ? నాకు పద్నాలుగో ఏట నుంచీ మీలాగే నడిమధ్య మచ్చ. ఎవర్నైనా చూడాలంటే ఇలాగే పక్కకి తిరిగి చూస్తాను. కొంతమంది పొగరనుకుంటారు. కొంతమంది మగమహారాజులు ఇంకేదో అనుకుంటారు!”

టైలరమ్మ నవ్వింది. మగమహారాజు నవ్వలేదు. అమ్మకి తన మొహం దొరికిన నిమిషంలోనే అతనికి ఐదు బుధవారాల ప్రేమకథ చేజారిపోయింది. ఏడుపు ఎందుకొస్తోందో అతనికే తెలియలేదు. అంతలో ఉత్తరం గుర్తొచ్చి, ఉన్న ఏడుపు కూడా ఆగిపోయింది.

“మేడమ్, ఆ ఫైల్లో ఒక కాగితం పొరపాటున...”

“రేపు పొద్దున్నే చూస్తాలెండి.” ఫైలు సొరుగులో పెట్టి తాళం వేసేసింది.

“మీరు... ఎలా చదువుతారండీ?”

“అదిగో, ఆ మెషీన్ కింద పెడితే టీవీ తెర మీద పెద్దగా కనిపిస్తుంది. ఒక్కో అక్షరం పళ్ళెమంత!”

టీవీ ఎక్కడుందో చూశాడు. హాల్లో అందరూ కూర్చునే బెంచీలకి ఎదురుగా ఉంది.

మర్నాడు పొద్దున కేంద్రం తెరిచే వేళకి జోరున వాన. గొడుగు తీసుకోవాలన్న సోయి కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఒక్క పావుగంట ఆలస్యమైంది. టీవీ తెర నిండా, నల్లగా, ఒకే ఒక్క మాట ఉంది. ‘ఓరచూపు’. చీమ తలకాయలు ఏనుగు తలకాయలయ్యాయి. బెంచీ మీద ఇద్దరు ముసలాళ్ళు జేబులోంచి భూతద్దాలు తీసి మరీ చదువుతున్నారు.

“ఎవరూ?” అంది మేడమ్ వెనక్కి తిరక్కుండానే.

“నేనేనండీ.”

“సమయానికొచ్చారు. ఈ కాగితం బస్సు పాసు ఫారంలో ఏ కాలమ్‌కి సంబంధించిందో అంతుబట్టట్లేదు.”

“పొరపాటున వచ్చిందండీ. ఇచ్చేయండి.”

“రెండు లైన్లకి పదిహేను నిమిషాలు పట్టింది నాకు. ఇంత కష్టపడ్డాక ఊరికే ఎలా ఇస్తాను? మిగతాది మీరే చదవండి.”

“మేడమ్, ప్లీజ్...”

“గట్టిగా చదువు బాబూ,” అన్నాడు బెంచీ మీద పెద్దాయన. “మాక్కూడా సగంలో ఆగిపోయింది.”

అతను కాగితం తీసుకున్నాడు గానీ చదవలేదు. గొంతు తగ్గించి చెప్పాడు. “మీ కంటి సంగతి తెలియక రాశానండీ. మీరు చూసింది చూడ్డానికే. నేనే పిచ్చివాడిలా ఇంకేదో అనుకున్నాను. నా మీద కోపంతో అమ్మని మాత్రం వదిలేయకండి. నిన్న సాయంత్రం మెషీన్ మీద దుప్పటి తీసేసింది. దిండు గలీబు ఒకటి కుట్టింది. వంకరగా వచ్చింది, అయినా వీధంతా చూపించుకొచ్చింది. ఇకనుంచి ఆవిడే వస్తుంది. నేను రాను.”

మేడమ్ టీవీ తెర ఆపేసింది. “ఆఖరి లైను ఏం రాశారు?” అంది.

“వద్దండీ.”

“నా పేరు మీద వచ్చిన ఉత్తరం. అడిగే హక్కు నాకుంది.”

అతను కాగితంలో తలదూర్చి గొణిగాడు. “‘మీకూ ఇష్టమైతే ఈసారి కలిసినప్పుడు ఒక్కసారి అలాగే ఓరగా చూడండి, చాలు. ఇష్టం లేకపోతే సూటిగా నా మొహంలోకి చూడండి. అర్థం చేసుకుంటాను.’”

కౌన్సిలర్ మేడమ్ కుర్చీ తిప్పింది. లేచి నిలబడింది. సూటిగా అతని మొహంలోకి చూసింది.

కుర్రాడి గుండె జారి అరికాళ్ళలోకి వచ్చేసింది. “అర్థమైందండీ,” అని వెనక్కి తిరగబోయాడు.

“ఏం అర్థమైంది? ఆగండి. ఇలా సూటిగా చూస్తే మీరున్న చోట మచ్చ ఉంది. మనిషి లేడు. నాకేం బాలేదు.” మొహం మెల్లగా కిటికీ వైపు తిప్పింది. “ఇప్పుడున్నారు. తడిసి ముద్దయ్యారు. గడ్డం కూడా గీసేశారే!”

అతను నున్నటి గడ్డం తడుముకున్నాడు.

“ఇంకో సంగతి వినండి. ఇక్కడికొచ్చేవాళ్ళని మొదటిరోజు ఒక్కసారి చూస్తాను. తర్వాత గొంతు గుర్తుంటుంది, అదే చాలు. మళ్ళీ మళ్ళీ ఇలా తిరిగి చూస్తే మెడ పట్టేస్తుంది నాకు. మిమ్మల్ని మాత్రం ఐదు బుధవారాలూ చూశాను. ప్రతి బుధవారం ఇంటికెళ్ళి మెడకి బామ్ రాసుకున్నాను. అమ్మ అడిగితే కంప్యూటర్ పని ఎక్కువైందని చెప్పాను.” అప్పటిదాకా ధైర్యంగా మాట్లాడిన గొంతు చివర్లో తడబడింది. “ఇంతకంటే నేను చెప్పను. ఇక మీ ఇష్టం.”

“బామ్ నేను కొంటానండీ!” అన్నాడు కుర్రాడు. అంత సంతోషంలో నోటికొచ్చింది అదొక్కటే. “జన్మంతా నేనే కొంటాను!”

బెంచీ మీద ముసలాళ్ళిద్దరూ చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడు గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది.

“ఒరే, వానలో ఎక్కడికిరా ఆ పరుగు?” టైలరమ్మ! వెంట ఎవరూ లేరు.

“అమ్మా! ఒక్కదానివే ఎలా వచ్చావ్?”

“బస్సులో వచ్చాను. ఏ స్టాపో ఫోనే చెప్పింది. రాత్రి నుంచీ ఉత్తరం ఉత్తరమని గొణుగుతుంటే సంగతేంటో తేల్చుకుందామని వచ్చాను. ఏదీ, ఆ అమ్మాయి ఎక్కడుంది? ఇన్నాళ్ళూ గొంతు వినడమే గానీ మనిషిని చూసిందెక్కడ?”

“ఇక్కడున్నాను ఆంటీ,” అంది మేడమ్. కౌన్సిలర్ గొంతు కాదది, బెదిరిన పిల్ల గొంతు.

టైలరమ్మ దగ్గరికొచ్చి నిలబడింది. నిన్న నేర్చుకున్న పాఠం ప్రకారం చూపు తీసుకెళ్ళి గోడగడియారం మీద పెట్టింది. కౌన్సిలర్ మేడమ్ కిటికీ వైపు తిరిగింది. ఇద్దరూ చెరో పక్కకి మొహం తిప్పుకుని, కదలకుండా నిలబడి, ఒకళ్ళనొకళ్ళు తనివితీరా చూసుకున్నారు.

అప్పుడే లోపలికొచ్చిన ఒకావిడ గొడుగు దులుపుకుంటూ బెంచీ మీద పెద్దాయన్ని మెల్లగా అడిగింది. “ఎవరండీ వాళ్ళు? ఏమైనా గొడవా?”

“అత్తాకోడళ్ళమ్మా,” అన్నాడాయన.

“అదీ సంగతి! అందుకేనా ఎడమొహం పెడమొహం?”

“బాగుందిరా,” అంది టైలరమ్మ, గడియారం మీంచి చూపు తిప్పకుండానే. “చక్కగా ఉంది పిల్ల.”